దిద్దిన కన్ను

శ్రీకాకుళంలో బస్సు కాంప్లెక్సుకి కొంచెం ఇవతల మాకు ఫోటో స్టూడియో ఉండేది. మా అత్తవారు పాత వర్తకులు. మావయ్యగారిది బట్టల కొట్టు, బావగారిది ఇనుప సామాను. మా ఆయన ఒక్కడే కెమెరా మోజులో పడి స్టూడియో పెట్టాడు. పెళ్లిళ్ల రోజుల్లో ఆయన ఊళ్లమ్మట తిరుగుతూ ఉండేవాడు, కొట్టు నేను చూసుకునేదాన్ని. పాస్‌పోర్టు సైజు ఫోటోలు తియ్యడం, కంప్యూటర్లో దిద్దడం నా పని. మొటిమలు తీసెయ్యడం, చెదిరిన జుట్టు సర్దడం, చనిపోయినవాళ్ల పాత ఫోటోలకి కొత్త చొక్కాలు తొడగడం. అందులో నాకు పేరుండేది. "ఆవిడ చెయ్యి పడితే మొహం మారిపోతుంది" అనేవారు. ఆ మాట వింటే పొంగిపోయేదాన్ని.

రెండువేల పదమూడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం కళింగపట్నం నుంచి ఒకామె పాపని చంకనేసుకుని వచ్చింది. చిన్న వయసే, ఇరవై దాటి ఒకటో రెండో ఉంటాయేమో. చేపలమ్ముకుందామని టౌనుకి వచ్చి, బుట్ట ఖాళీ అయ్యాక నేరుగా మా కొట్టుకొచ్చింది. పాపకి ఏడాది నిండి రెండు మూడు నెలలు. ఆమె మొగుడు నెల కిందటే గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లాడు. ఆ వారం వాళ్ల ఊరి నుంచి ఇంకో జట్టు బయల్దేరుతోంది. వాళ్ల చేత పాప ఫోటో పంపాలి.

"మళ్లీ వేసంగి దాకా రాడు. గుంట మొకం మర్సిపోకుండా ఒకటి తీసియ్యమ్మా," అంది.

ఆ పూట కరెంటు లేదు. స్టూడియో పెద్ద దీపాలు వెలగవు. లోపలి గదిలో కెమెరాకున్న చిన్న ఫ్లాష్‌తోనే మూడు తీశాను. మూడింటిలోనూ పాప నవ్వుతోంది. కుడికన్నులో ఎర్రచుక్క పడింది. అది మామూలే, చీకట్లో ఫ్లాష్ కొడితే ఎవరికైనా పడుతుంది. ఎడమకన్ను మాత్రం తెల్లగా, లోపల అద్దంముక్క పెట్టినట్టు మెరిసింది.

కెమెరా తెర మీద ఆమె కూడా చూసింది.

"ఇదేటమ్మా ఇలాగొచ్చింది? ఇంటికాడా అప్పుడప్పుడు ఇలాగే మెరుస్తాది, పొద్దుగూకేల. మా అత్త పిల్లికన్నంటాది."

"ఫ్లాష్ పడిందమ్మా, ఏం లేదు. నేను సరిచేసి ఇస్తాను కదా."

ఈ మాట ఎంత తేలిగ్గా అన్నానో నాకు గుర్తుంది. అప్పటికే నా చూపు గుమ్మంలో నిలబడ్డ ఇంకో బేరం మీదికి పోయింది. ఇంటి దగ్గర ఫ్లాష్ ఎక్కడుందని ఆలోచించనేలేదు.

కరెంటు వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కుడికన్నులో ఎరుపు తీసి నలుపు చేశాను. ఎడమకన్నులో దిద్దడానికి ఏమీ లేదు, అంతా తెలుపే. అందుకని కుడికన్నుని కాపీ చేసి, ఇటు తిప్పి, ఎడమకన్ను మీద అతికించాను. అంచులు కలిసిపోయేలా మెత్తగా రుద్దాను. ఐదు నిమిషాల పని. రెండు కాపీలు లామినేషన్ చేసి ఉంచాను. మర్నాడు ఆమె వచ్చి, ఫోటోని చెంగుతో తుడిచి తుడిచి చూసుకుంది.

"నా గుంట ఇంత సక్కగుంటాదా," అంది.

మళ్లీ ఆమె వచ్చింది ఫిబ్రవరి ఆఖరున. ఆరోగ్యకార్డులో పాప పేరు ఎక్కించాలట, ఫోటో కావాలంది. పాప తల నిండా చీరకొంగు కప్పి ఉంది. ఫోటోకి కొంగు తియ్యమన్నాను. తీసింది. ఎడమకన్ను ఎర్రగా ఉబ్బి బయటికి వచ్చేసింది. రెప్ప దాని మీదికి మూతపడటం లేదు. పాప ఏడవటం లేదు. కుడికన్నుతో నావంక చూస్తూ, చేతిలో బిస్కెట్టు నాకుతోంది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఎర్రబడి రెండు నెల్లయ్యింది. ఇక్కడ పెద్దాసుపత్రిలో సూపిస్తే విశాఖపట్నం ఎల్లిపొమ్మన్నారు. అంతకు ముందు ఉత్త మెరుపే కదా. మా అత్త డాక్టరికి సూపించు, సూపించు అని ఒకటే గోల. నానే అన్నాను, ఫోటోలమ్మ సూసింది, అది ఫ్లాషంట, ఏటీ నేదంట అని."

ఆమె నన్ను తప్పుపట్టడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది. నేను కెమెరా వెనక నిలబడి చాలాసేపు లెన్సు తుడిచాను.

"విశాఖపట్నం నీతో ఎవరొస్తున్నారు?"

"ఎవులొస్తారమ్మా. అత్తకి దూరం సూపు ఆనదు."

"నేనొస్తాను," అన్నాను.

మనకెందుకన్నాడు మా ఆయన. పాపం చదువు రాని పిల్ల, తోడెళ్తానన్నాను. అసలు సంగతి ఆయనకీ చెప్పలేదు.

విశాఖలో ఆ ఆసుపత్రి వరండాలో జుట్టు లేని పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మకి యాభై ఏళ్లుంటాయి. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, టార్చి వేసి, రెండు కళ్లూ చూసింది. కంటి లోపల పుట్టే క్యాన్సరని తల్లికి అర్థమయ్యే మాటల్లో చెప్పింది. చిన్నపిల్లలకే వస్తుందంది. తర్వాత అడిగింది.

"ఈ తెలుపు మొదట ఎప్పుడు కనిపించింది? పాత ఫోటోలేమైనా ఉన్నాయా?"

తల్లి సంచిలోంచి లామినేషన్ ఫోటో తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది.

"ఇది ఎప్పటిది?"

"వానాకాలంలో తీయించేనమ్మా."

"అప్పటికి రెండు కళ్లూ శుభ్రంగానే ఉన్నాయి. అంటే ఆరేడు నెలల్లో ఇంత అయిందన్నమాట. వేగంగా పెరుగుతోంది." అంటూ కాగితం మీద రాసుకుంది.

నేను పక్కనే ఉన్నాను. దిద్దిన ఫోటో అని చెప్పలేదు.

తర్వాత డాక్టరమ్మ, ఇల్లు ఎక్కడ, ఎన్ని బస్సులు మారాలి, ఇంట్లో ఎవరున్నారు, తండ్రి ఎప్పుడొస్తాడు, ఫోను ఎవరి దగ్గరుంటుంది అని అడిగింది. తల్లి బెదురు తీరడానికి మాటల్లో పెడుతోందనుకున్నాను. చూస్తే ఆ జవాబులు కూడా అదే కాగితం మీద, కంటి బొమ్మ కింద రాస్తోంది.

తల్లి పాపని రక్తపరీక్షకి తీసుకెళ్లినప్పుడు నేను అడిగాను, పాప బతుకుతుందా అని.

"మీరేమవుతారు?"

"ఏమీ కాను. శ్రీకాకుళంలో ఫోటో స్టూడియో మాది."

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "జబ్బు కన్ను లోపలే ఉండగా తెస్తే, కన్ను పోయినా పిల్లని దాదాపు ఎప్పుడూ దక్కించుకుంటాం. ఇది బయటికి వచ్చేసింది. నరం వెంట మెదడు వైపు పాకిందో లేదో స్కాన్ ఒక్కటే చూసి ఖాయంగా చెప్పలేను. ముందు మందులతో తగ్గించి, కన్ను తీసి, ఆ తీసిన కన్నుని పరీక్షకి పంపితే తెలుస్తుంది. అప్పటిదాకా నా దగ్గరున్నది ఈ కాగితమే."

"అందులో బస్సుల సంగతి ఎందుకు రాశారు?"

"పుస్తకాల్లో జబ్బు ఎంతుందో చూసి చెప్పమని ఉంటుందమ్మా. నేను ముందు ఇది చూస్తాను. మూడు వారాలకోసారి ఎవరు రాగలరు, ఎవరు రాలేరు. జబ్బు ముదిరి పోయినవాళ్ల కన్నా మధ్యలో మానేసి పోయినవాళ్లే నాకు ఎక్కువ గుర్తు."

"మరి ఈ పాప?"

ఆమె మళ్లీ కాగితం చూసింది. "తండ్రి దూరాన ఉన్నాడు. రెండు బస్సులు. ఆడపిల్ల. కన్ను తియ్యాలి." అంతవరకు చదివి ఆగిపోయింది. తర్వాత ఏం రాసుకుందో నాకు చెప్పలేదు.

ఇంటికి వచ్చి పాత హార్డ్ డిస్క్ తీశాను. అసలు ఫోటోలు నేను ఎప్పుడూ చెరిపేదాన్ని కాదు. మూడూ ఉన్నాయి, మూడింటిలోనూ ఆ తెల్లటి కన్ను. ఒకటి ప్రింటు తీసి, మళ్లీ మందుకి వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఒక్కతే ఉన్న సమయం చూసి ఆమె చేతిలో పెట్టాను.

"దిద్దింది మీరేనా?"

"నేనే."

ఆమె కోప్పడలేదు. ఫైలు తీసి, వెనకటి వాక్యం కొట్టేసి, కొత్తది రాసింది. "ఇప్పుడు వైద్యం ఏమీ మారదు," అంది.

"అప్పుడే తెచ్చి ఉంటే?"

"కన్ను తీసేసి, కట్టు కట్టి నాలుగు రోజుల్లో ఇంటికి పంపేదాన్ని." ఫోటోని ఫైల్లో పెడుతూ అడిగింది. "తల్లికి చెప్పారా?"

"లేదు."

"చెప్పాలో వద్దో నేను చెప్పలేను. ఆమె మిమ్మల్ని పట్టుకుని వస్తోంది. ఆ రాక ఆగిపోకూడదు. నాకు కావలసింది అది."

ఆ మాట నాకు సాయం చేసింది. చెప్పకుండా ఉండటానికి నాకో మంచి కారణం దొరికింది.

మూడు విడతలు మందు ఎక్కించారు. పాప జుట్టంతా ఊడిపోయింది. నోరు పూసి గంజి కూడా మింగలేకపోయేది. కానీ కన్ను తగ్గడం మొదలుపెట్టింది. మూడో విడతకి రెప్ప మూతపడుతోంది. బస్సులో తల్లి పాప గడ్డం పట్టి నావైపు తిప్పి, "సూడమ్మా, సగానికి సగం తగ్గిపోనాది," అనేది. డాక్టరమ్మ విడమర్చి చెప్పిందంతా విని కూడా, నేనూ ఆ తగ్గడాన్ని నమ్మాను. కన్ను తియ్యడానికి తేదీ ఇచ్చారు.

ఆ తేదీకి వాళ్లు రాలేదు. కాంప్లెక్సులో పొద్దుటి నుంచి పదకొండు దాకా నిలబడ్డాను. ఫోను ఎత్తలేదు. మూడోరోజు బస్సెక్కి కళింగపట్నం వెళ్లాను.

తండ్రి వచ్చి వారమైందట. ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. పొడుగాటి, మెత్తటి మనిషి. నన్ను చూసి లేచి, కుర్చీ వేసి, "రామ్మా, కూకో," అన్నాడు. పక్కన ఎండుతున్న చేపల మీద కాకులు వాలకుండా తల్లి కర్రతో అదిలిస్తోంది. పాప ఇసకలో ఆడుకుంటోంది. ఎడమకన్ను కొంచెం ఎర్రగా ఉందంతే.

"తగ్గిపోనాది కదమ్మా," అన్నాడు అతను. "ఇంకేటికి కొయ్యడం? మగోడైతే ఒంటికన్నుతోటి ఎలాగో బతికీసును. ఆడగుంట. రేపు ఎవుడు సేసుకుంటాడు?"

"పైకి తగ్గింది బాబూ. లోపల ఉంది."

"లోపలున్నాదని ఎలాగ తెలుస్తాది?"

నా సంచిలో ఆ అసలు ఫోటో ఉంది. ఎందుకు పెట్టుకుని వెళ్లానో నాకు తెలుసు. అది చూస్తే అతనికి అర్థమవుతుందనుకున్నాను. తీసి ఇచ్చాను.

"ఇదిగో. అప్పుడు కూడా కన్ను పైకి బాగానే ఉంది. జబ్బు లోపల ఉంది. ఇదీ అసలు ఫోటో. మీకు పంపింది నేను దిద్దింది."

అతను చాలాసేపు చూశాడు. ఇంట్లోకి వెళ్లి తన ఫోటో తెచ్చుకున్నాడు. అంచుల్లోంచి ఉప్పునీరు దిగి లామినేషన్ పొరలు విడిపోయి ఉన్నాయి. రెండూ పక్కపక్కన వల మీద పెట్టాడు. తల్లి కర్ర పడేసి వచ్చి నిలబడింది.

"బోటు మీద రోజూ దీన్నే సూసుకునీవోణ్ణి," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఆవేళేమో ఏటీ నేదన్నావు. ఈవేళేమో ఉన్నాది, కన్ను తీసీమంటన్నావు. నీ మాటల్లో ఏది నిజమని అట్టుకోవాలమ్మా?"

నేను క్షమించమన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. తల్లి ఇసకలోంచి పాపని ఎత్తుకుని, కాళ్లు దులిపి, లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. అంతవరకూ బస్సులో నా భుజం మీద తలపెట్టి నిద్రపోయిన మనిషి.

దిద్దడం తప్పని అప్పటికే తెలుసు. చెప్పకపోవడం తప్పని తెలుసు. చెప్పడం కూడా తప్పవుతుందని ఆరోజు తెలిసింది. పాప పక్కన ఆసుపత్రి తరఫున మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే. ఆ మనిషి మాట చెల్లకుండా నేనే చేసుకున్నాను. డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "ఊళ్లకి పంపడానికి నా దగ్గర మనుషులు లేరమ్మా. మీరే మళ్లీ వెళ్లి చూడండి," అంది. రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి అత్త ఒక్కతే ఉంది, పాపని చీపురుపల్లి దగ్గర ఏదో పల్లెకి పసరు పోయించడానికి తీసుకెళ్లారంది. రెండోసారి తలుపుకి తాళం ఉంది.

ఆగస్టులో తల్లి తనంతట తనే స్టూడియోకి వచ్చింది. మొగుడు మళ్లీ గుజరాత్ వెళ్లిపోయాడు. పాప ముఖం సగం గుడ్డతో కట్టి ఉంది. గుడ్డ తడిసి ఉంది. వాసన వస్తోంది. దవడ కింద నిమ్మకాయంత గడ్డ.

"ఎల్దాం," అంది. అంతే అంది.

బస్సులో ఆమె నా పక్కన కాకుండా ముందు సీట్లో కూర్చుంది. డాక్టరమ్మ ఆ గడ్డని వేళ్లతో తడిమి, ఫైలు మూసి పక్కన పెట్టింది. ఇక నొప్పి తెలియకుండా చూడటమేనంది. ఎంత కాలమని తల్లి అడగలేదు, నేను అడిగాను.

"రెండు నెలలు. ఇటువంటప్పుడు నా అంచనా పెద్దగా తప్పదు," అంది. ఆ మాట చెప్పడం ఆమెకి ఎంత కష్టంగా ఉందో కనిపిస్తూనే ఉంది.

మార్ఫిన్ మాత్రలు ఇచ్చారు. పావు ముక్క నూరి తేనెలో ఇవ్వాలి, నాలుగేసి గంటలకి. అవి వేస్తే పాప నిద్రపోయేది, లేచాక కాస్త పాలు తాగేది. రెండు వారాలకి సరిపడా నేను విశాఖ వెళ్లి తెచ్చి, కళింగపట్నం వెళ్లి ఇచ్చి వచ్చేదాన్ని. తల్లి గుమ్మంలోనే అందుకునేది.

అక్టోబరులో పెద్ద తుపాను వచ్చింది. విశాఖ అంతా నేలమట్టమైనట్టయింది. రోడ్ల మీద చెట్లు, స్తంభాలు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, బస్సులు లేవు. మాత్రలు అయిపోయే రోజు నాకు తెలుసు. ఆ రోజు వచ్చింది, వెళ్లింది. శ్రీకాకుళంలో మందుల కొట్లన్నీ తిరిగాను. ఆ మాత్ర ఏ కొట్లోనూ ఉండదు, అమ్మకూడదు. దారి తెరిచాక మొదటి బస్సులో వెళ్లి, పొట్లం తెచ్చి, కళింగపట్నం చేరేసరికి పాప పోయి రెండు రోజులైంది.

తండ్రి ఎలాగో వచ్చి చేరాడట, చివరి రోజుకి. పొట్లం అతని చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు.

"నాలుగు దినాలు ఏడిసింది," అన్నాడు. "నోరు మూతపడనేదు. ఇయ్యి ఇంకెవులి గుంటకైనా పనికొస్తాయి, అట్టుకెళ్లిపో."

డాక్టరమ్మ అంచనా వారం అటూఇటూగా నిజమైంది. మొదటి రోజు కాగితం చూసి చదివిన నాలుగు మాటలూ కూడా నిజమయ్యాయి. అందులో ఐదోది, నేను, ఆమెకి అప్పటికి తెలియదు.

ఆ చలికాలమంతా హార్డ్ డిస్క్ ముందు కూర్చుని, అయిదారేళ్లలో తీసిన పసిపిల్లల ఫోటోలన్నీ ఒక్కొక్కటే తెరిచి కళ్లు చూశాను. ఒక పిల్లాడి కంట్లో తెల్లగా ఉందా, వెలుతురు పడిందా అన్నది ఎంత పెద్దది చేసినా తేలలేదు. మేము ఊరూ పేరూ రాసుకునేవాళ్లం కాము. ఎన్ని కాపీలు కావాలో రాసుకునేవాళ్లం. ఆ పిల్లాడెవరో ఇప్పటికీ తెలియదు. మా ఆయనకి అప్పుడు చెప్పాను అంతా. ఆయన విని, "నువ్వు డాక్టరువి కాదు కదా," అన్నాడు. ఓదార్పుకే అన్నాడు. కానీ ఆ మధ్యాహ్నం ఏం లేదని చెప్పేటప్పుడు డాక్టరునైనట్టే చెప్పాను.

రెండేళ్ల తర్వాత వాళ్లకి కొడుకు పుట్టాడని చేపలమ్మే ఒకామె చెప్పింది. ఈ జబ్బు తోబుట్టువులకీ రావచ్చు, తర్వాత పుట్టే పిల్లల కళ్లు పుట్టిన నెలలోపే చూపించాలని డాక్టరమ్మ అప్పట్లో గట్టిగా చెప్పింది. వెళ్లాలా వద్దా అని నెలరోజులు కొట్టుకుని, వెళ్లాను.

తల్లి వాకిట్లో కూర్చుని ఉంది. లోపల చీర ఉయ్యాల. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. మంచినీళ్లిచ్చింది. కాస్త లావయింది.

"పిల్లాడి కళ్లు చూపించావా?" అన్నాను.

"నేదు."

"ఒక్కసారి చూపిస్తే చాలు. నేను రానక్కర్లేదు. మీరిద్దరే వెళ్లండి. డాక్టరమ్మ అక్కడే ఉంది."

ఆమె చీపురుపుల్ల తీసుకుని నేల మీద గీతలు గీసింది. "ఉన్నాదంటే మళ్లీ ఇదంతా పడాల. పడలేను. నేదన్నారనుకో, అది నాను నమ్మలేను. ఒకసారి నమ్మేను కదా. తెలీకపోతేనే రోజు గడుస్తన్నాది నాకు."

"నన్నొకసారి చూడనియ్యి. టార్చి తెచ్చాను."

"పడుకున్నాడు. లేపకమ్మా."

సరేనని కూర్చున్నాను. లేస్తాడేమోనని చూశాను. ఆమె లేచి అన్నం వార్చింది, బట్టలు ఆరేసింది, మధ్యలో వచ్చి ఉయ్యాల ఊపి వెళ్లింది. బస్సు హారన్ వినిపించింది. ఆ తర్వాతి బస్సు సాయంత్రానికి గాని లేదు.

"నీ బస్సొచ్చింది," అంది ఆమె.

లేచి వెళ్లాను. ఆ పిల్లాడి కళ్లు నేను చూడలేదు.